పలాస జీడితోటల యాత్ర: హైదరాబాద్ నుంచి ఎప్పుడు వెళ్లాలి, ఏది కొనాలి

జీడిపప్పు కొనడమే పనైతే హైదరాబాద్ దాటక్కర్లేదు, బేగంబజార్ చాలు. కాయను చెట్టు మీద చూడాలంటే మాత్రం శ్రీకాకుళం జిల్లా పలాసకే వెళ్లాలి, అదీ ఏప్రిల్‌లో. జనవరిలో వెళ్తే పూతే కనిపిస్తుంది, జూన్‌కి తోట ఖాళీ.

సికింద్రాబాద్‌లో సాయంత్రం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి పలాస. పలాస–కాశీబుగ్గ లాడ్జీలు ఒక రాత్రికి సరిపోతాయి. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే 75 కి.మీ. దూరంలోని శ్రీకాకుళంలో బస చేయడమే సుఖం.

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలోని తోటలు 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు బాగా కూలిపోయాయి. అందుకే చాలాచోట్ల ఇప్పుడు లేత చెట్లే కనిపిస్తాయి. పండు కింద వేలాడేదే గింజ. పండు పండి రాలాకే గింజ ఏరాలి, ముందే తెంపితే పప్పు ముడుచుకుపోతుంది. పండు వగరుగా ఉంటుంది, కోసి ఉప్పు చల్లి వెంటనే తినేయాలి. ఒక్క రోజుకే చెడిపోతుంది కాబట్టే అది హైదరాబాద్ దాకా రాదు. పిల్లల్ని మాత్రం పచ్చిగింజ కొరకనివ్వకండి, పెంకులోని జీడినూనె పెదవులను కాల్చేస్తుంది.

గింజ నుంచి పప్పు తీసే యూనిట్లు సందర్శన స్థలాలు కావు, యజమానిని అడిగే లోపలికి వెళ్లాలి. ఎండిన గింజను ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి, పెంకు కోస్తారు. ఆ పప్పును వేడి గదిలో ఆరనిచ్చి పొట్టు తీస్తారు. సరిగా ఆరకపోతే పొట్టు ఊడదు, మరీ ఆరితే పప్పు విరుగుతుంది. గుండుకీ (విరగని పప్పుకీ) ముక్కకీ ధర తేడా ఇక్కడే పుడుతుంది. 80 కిలోల బస్తా గింజకు చేతికొచ్చే పప్పు 20 కిలోల పైచిలుకు మాత్రమే. ఆ పని నైపుణ్యం చూశాక బేరం ఆడబుద్ధి కాదు.

గుండ్లను సైజును బట్టి గ్రేడ్లు చేస్తారు: డబ్ల్యూ 320 అంటే పౌనుకు (దాదాపు 454 గ్రాములకు) 300–320 గుండ్లు. డబ్ల్యూ 240 పెద్దవి, ఖరీదూ ఎక్కువే. రుచిలో తేడా ఏమీ లేదు. నేతిలో వేయించి బిర్యానీ మీద చల్లడానికి గుండ్లు తీసుకోండి, గ్రేవీకి నూరేందుకు ముక్కలు చాలు. బేగంబజార్‌లోనైనా, పలాసలోనైనా కొనేముందు ఒకటి కొరికి చూడాలి: పటుక్కున విరగాలి. మెత్తగా వంగితే తేమ పట్టినట్టు, నూనె కంపు కొడితే పాతది. హైదరాబాద్ ఎండల్లో గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.