నాన్న పొట్టకు పెగ్ ట్యూబు: రెండేళ్లు వాడాక

పక్షవాతం వచ్చాక నాన్నకు మింగుడు పోయింది. మంచినీళ్లు తాగినా పొలమారేది. నెలన్నర ముక్కు గొట్టంతో నెట్టుకొచ్చాం, దాన్ని ఆయన మూడుసార్లు లాగేశారు. చివరికి విశాఖపట్నంలో ఎండోస్కోపీ చేయించి పొట్టకు పెగ్ ట్యూబు వేయించాం, అంటే పొట్ట మీద రంధ్రం చేసి నేరుగా లోపలికి ద్రవాహారం (ఫీడు) పోసే గొట్టం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. విశాఖ వంద కిలోమీటర్లకు పైమాటే.

ట్యూబు వేయించినందుకు నాకేం బాధ లేదు. నాన్న ఒళ్లు చేశారు, ముక్కు పుండ్లు మానాయి. కానీ ఇంటికి పంపేటప్పుడు ఫీడు ఎలా పోయాలో చెప్పారు గానీ బయటి బిళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

పొట్ట లోపల పుట్టగొడుగు తలలాంటి బుడిపె, చర్మం మీద చిన్న బిళ్ళ. ట్యూబు జారిపోకుండా పట్టుకునేవి ఈ రెండే. ఫీడు కారుతుందేమోనని నేనే బిళ్ళ కింద గాజుగుడ్డ మడతలు పెట్టి బిగించేదాన్ని. అలా బిగిస్తే లోపలి బుడిపె పొట్ట గోడలోకి నొక్కుకుపోతుందట. ఐదో నెలలో సిరంజి నొక్కుడు బరువైంది, పోసింది పక్కనుంచి కారింది, ట్యూబు తిప్పితే తిరగలేదు. నాన్నకు మాట రాదు, ముఖం చిట్లించేవారు. అది నొప్పని నాకు తట్టలేదు, చిరాకు అనుకున్నాను. ఎండోస్కోపీలో చూస్తే బుడిపె మీద పొర కప్పేసి ఉంది. డాక్టర్లు దీన్ని బరీడ్ బంపర్ అన్నారు. అది తీసి, లోపల బుడిపెకు బదులు బెలూన్ ఉన్న కొత్త ట్యూబు వేశారు. ఇప్పుడు బిళ్ళకూ చర్మానికీ అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు సందు ఉంచుతున్నాం. గాయం పూర్తిగా మానాక డాక్టరు చూపించినట్టు, ట్యూబును రోజూ కొంచెం లోపలికి నెట్టి, ఒక చుట్టు తిప్పుతాను.

అమ్మ ఓసారి చోడి (రాగి) అంబలి వడకట్టకుండా పోస్తే ట్యూబు పూడుకుపోయింది. గోరువెచ్చని నీళ్లతో గంటసేపు తంటాలు పడ్డాం. ఫీడుకైనా మందుకైనా ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు పోయాల్సిందే. తల వైపు ఎత్తుగా ఉంచాలి, పోశాక కూడా గంటసేపు. పెగ్ ఉంటే నిమ్ము రాదనుకోకండి, నాన్నకు వచ్చింది.

పద్నాలుగో నెలలో ఓ రాత్రి బెలూన్ పగిలి ట్యూబు ఊడి చేతికొచ్చింది. ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది, అందుకే తెల్లారేదాకా ఆగకుండా శ్రీకాకుళం పరుగెత్తాం. ట్యూబు వేసిన మొదటి నెలలో ఊడితే మాత్రం ఇంట్లో అస్సలు తిరిగి పెట్టకండి. అప్పటికి జీర్ణాశయం పొట్ట గోడకు గట్టిగా అతుక్కుని ఉండదు, ఫీడు కడుపు కుహరంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

ట్యూబు సైజు, వేసిన తేదీ రాసిన చీటీ ఇప్పుడు క్యాలెండర్ పక్కన అంటించాం. ఆ రాత్రి ఆసుపత్రిలో మొదట అడిగింది అదే, మా దగ్గర లేనిదీ అదే.