గని మూసేటప్పుడు గుంతను నీటికి వదలడమా, పూడ్చడమా: ఏది మేలు?

కుప్పం వైపు పాత గ్రానైట్ క్వారీల్లో వాననీరు నిలిస్తే మేకల కాపరులు మందను అక్కడికే తోలుకొస్తారు, మేకలు బండల అంచున మోకాళ్లు వంచి తాగుతాయి. అది చూసి పెరిగాం కనుకనే, 2001లో మూతపడిన చిగురుగుంట బంగారు గని ప్రస్తావన వచ్చినప్పుడల్లా, తవ్విన గుంత చివరికి చెరువవుతుందిలే అనుకుంటాం. చిగురుగుంటది భూగర్భ గని కాబట్టి దాని లెక్క వేరు. పైనుంచి తవ్వే లోహపు గనుల విషయంలో మాత్రం ఆ ధీమా తప్పు. గ్రానైట్‌లో గంధకం దాదాపు ఉండదు. రాగి, బంగారం ఉండే రాళ్లలో తరచూ పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది, దానికి గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టి, రాతిలోని రాగిని, జింకును నీటిలోకి కరిగిస్తుంది.

నీటికి వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలో బ్యూట్ పట్టణపు బర్క్‌లీ రాగి గని చూపుతుంది. 1955లో మొదలై 1982లో ఆగిన ఆ గుంత లోతు దాదాపు 1,780 అడుగులు. పంపులు ఆపగానే భూగర్భజలం ఊరి ఆమ్లపు సరస్సు తయారైంది. 1995లో వలస వచ్చి దానిపై వాలిన తెల్ల బాతులు 342 చనిపోయాయి. మట్టం పెరిగి చుట్టుపక్కల నీటిలో కలవకుండా ఇప్పటికీ ఆ నీటిని తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు, ఆ ఖర్చుకు అంతం కనబడదు.

అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఫ్లాంబో రాగి గనిది రెండో దారి. 1993 నుంచి 1997 వరకు తవ్వి, సుమారు 220 అడుగుల గుంతను తీసిన రాతితోనే పూడ్చారు. గంధకం ఎక్కువున్న రాతిని మొదటి రోజు నుంచే విడిగా పోసి, ఆమ్లం విరిగేలా సున్నపురాయి కలిపి లోపలికి తోశారు. పైన గడ్డి, మొక్కలు నాటారు. దోషం లేదని కాదు, పూడ్చిన చోట భూగర్భజలంలో మాంగనీస్ పెరిగింది.

నా మాట పూడ్చడం వైపే, అయితే ఒక షరతుతో. బర్క్‌లీ అంత గుంతను తవ్వడం ముగిశాక పూడ్చడానికి డబ్బూ ఉండదు, రాయీ దగ్గరలో ఉండదు. కాబట్టి మన దేశంలో 2017 ఖనిజ సంరక్షణ నియమాలు కోరే గని మూసివేత ప్రణాళికను లీజు నాడే చదవాలి. అందులో నేను ముందుగా వెతికేది రెండు: గంధకపు రాతిని ఎక్కడ పోస్తారు, దాని కింద నీరు ఇంకని పొర వేస్తారా.