పక్క రాష్ట్రం నుంచి వచ్చే తుపాకి: కట్టడి ఎక్కడ పెడితే మేలు?

న్యూయార్క్‌లో పిస్టల్ ఉంచుకోవాలంటే 1911 నుంచే లైసెన్స్ కావాలి. అయినా 2010-15 మధ్య అక్కడి పోలీసులకు దొరికి, ఎక్కడ కొన్నారో తేలిన పిస్టళ్లలో 86 శాతం బయటి రాష్ట్రాలవే. షికాగోదీ ఇదే కథ. నగర పొలిమేర దాటితే ఇండియానా. అక్కడ మామూలు మనిషి ఇంకొకరికి తుపాకి అమ్మితే కొనేవాడి నేరచరిత్ర చూసే నాథుడే లేడు.

'చూశారా, కఠిన చట్టాలు పనికిరావు' అని కొందరు అంటారు. ఆ వాదన నాకు అస్సలు మింగుడుపడదు. చట్టం పనిచేయకపోతే, అంత దూరం వెళ్లి కొనాల్సిన పని ఎవరికీ ఉండదు కదా!

అసలు దారి చూడండి. 1968 నాటి ఫెడరల్ చట్టం (దేశమంతటికీ వర్తించేది) ప్రకారం వేరే రాష్ట్రం వాడికి డీలర్ నేరుగా పిస్టల్ అమ్మకూడదు. అందుకే దొంగచాటుగా తుపాకులు తరలించే దళారి స్థానికుడినొకణ్ణి పట్టుకుంటాడు. పోలీసు రికార్డు లేని ఆ మనిషి కౌంటర్ దగ్గర 4473 ఫారం నింపుతాడు. 'అసలు కొనుగోలుదారు మీరేనా?' అన్న ప్రశ్నకు అవునని టిక్ పెడతాడు. చెకింగ్‌లో అతని పేరు మీద ఏమీ ఉండదు, పాస్ అయిపోతుంది. బయట సరుకు చేతులు మారుతుంది. అచ్చమైన బినామీ కొనుగోలు. అక్కణ్ణుంచి, దక్షిణాది రాష్ట్రాల నుంచి న్యూయార్క్ వైపు వెళ్లే ఐ-95 రహదారి మీదుగా ఉత్తరానికి. ఈ దారికి 'ఐరన్ పైప్‌లైన్' అని పేరే పడిపోయింది.

మరి అడ్డుకట్ట ఎక్కడ? తుపాకులు వచ్చిపడే రాష్ట్రమే శిక్షలు పెంచడం ఒక పద్ధతి. దీనితో చివర్లో తుపాకి పట్టుకున్న కుర్రాడు దొరుకుతాడు, అప్పటికే ఆలస్యమైపోతుంది. కొన్నవాడు మాత్రం ఇంకో రాష్ట్రంలో హాయిగా ఉంటాడు.

అమ్మే చోటే పట్టుకోవడం అంతకంటే ఎంతో నయం. వర్జీనియా 1993లో మనిషికి నెలకు ఒక్క పిస్టలే అని నియమం పెట్టింది. ఒకేసారి పది కొని డిక్కీలో వేసుకుపోయే వ్యాపారానికి అది గట్టి దెబ్బ. ఆగ్నేయ అమెరికా రాష్ట్రాల్లో కొని, ఈశాన్య అమెరికా రాష్ట్రాల్లో దొరికిన తుపాకుల్లో వర్జీనియా వాటా, చట్టం తర్వాత కొన్నవాటి లెక్కలో, సగానికి పైగా తగ్గింది. సొంత అవసరానికి ఒకటి కొనుక్కునేవాడికి ఇబ్బందీ లేదు. కానీ అదే నియమాన్ని 2012లో ఎత్తేశారు, 2020లో మళ్లీ తెచ్చారు. న్యూయార్క్ వీధుల భద్రత వర్జీనియా ఎన్నికల మీద ఆధారపడటం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. పైగా వర్జీనియా తలుపు మూస్తే జార్జియా తలుపు తెరిచే ఉంటుంది.

అందుకే దేశమంతటికీ ఒకే కనీస నియమం ఉండటమే మేలంటాను. ఆస్ట్రేలియాలోనూ రాష్ట్రానికో చట్టం ఉండేది. క్వీన్స్‌లాండ్, టాస్మేనియాల్లో మరీ సడలింపు. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని కాల్చి చంపాక, పన్నెండు రోజుల్లోనే అన్ని ప్రభుత్వాలూ ఒక్క ఒప్పందానికి వచ్చాయి. ప్రతి తుపాకికీ రిజిస్ట్రేషన్, కొనడానికి సరైన కారణం తప్పనిసరయ్యాయి. చుట్టూ సముద్రం ఉండటం వాళ్లకు కలిసొచ్చిన మాట నిజమే. కానీ అమెరికాలో ఐ-95 మీద నడిచే సరుకు సముద్రం దాటి రావడం లేదు, లైసెన్స్ ఉన్న దుకాణాల్లోంచే బయల్దేరుతోంది.

2022లో అమెరికా బినామీ కొనుగోలును ప్రత్యేక ఫెడరల్ నేరం చేసి, 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది. మంచిదే. దానికి నెలకొక పిస్టల్ పరిమితిని, ప్రైవేటు అమ్మకాలకు కూడా తనిఖీని యాభై రాష్ట్రాల్లోనూ జోడించాలి. అప్పుడు ఇండియానాలో కొన్నా, షికాగో ఉన్న ఇల్లినాయ్‌లో కొన్నా దళారికి తేడా ఉండదు.