శివరాత్రి రద్దీ లేని మహేంద్రగిరి

మా శ్రీకాకుళం వాళ్లకు మహేంద్రగిరి అంటే శివరాత్రే. ఆ రోజు మందస వైపు నుంచి జనం కొండమీది గుళ్లకు బారులు తీరి ఎక్కుతారు. భక్తికి అది బాగుంటుంది గానీ, కొండనీ అడవినీ చూడాలంటే చలికాలమే మేలు. ఈసారి కార్తీకం పూర్తికాకుండానే మంచు దిగడంతో మా బావా నేనూ బయలుదేరిపోయాం.

రాత్రికి పలాసలో ఆగాం. స్టేషన్ దగ్గరని తీసుకున్న లాడ్జిలో గది శుభ్రమే కానీ గీజరు పేరుకే. అడగ్గా అడగ్గా బకెట్ వేడినీళ్లు వచ్చాయి. రైలు కూతలకి బావకు నిద్ర లేదు. పక్కనే ఉన్న కాశీబుగ్గ లోపల గది చూసుకోండి. తెల్లారి మందసలో ఇడ్లీలు తిని, మధ్యాహ్నానికి పులిహోర కట్టించుకున్నాం. పండగ రోజుల్లో తప్ప పైన ఏదో దొరుకుతుందని నమ్ముకోవద్దు.

కొండ కింది ఊళ్లో ఒక సవర గిరిజన కుర్రాడు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. ఈ ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు. పశువులు నడిచిన బాటలు అన్నీ ఒకేలా ఉంటాయి, మంచులో అసలు తెలియవు. జీడితోటలు దాటగానే అడవి మూసుకుంది. నాలుగు బారల అవతల చెట్టు కనబడదు. ఎండాకాలంలో గాలికి ఆకులు గలగలమంటాయి గదా, ఇప్పుడు అదీ లేదు, కొమ్మల మీంచి నీటిచుక్కలు రాలడమే. గెడ్డ (కొండవాగు) దగ్గర కుర్రాడు ఆగి, "బాబూ, రాళ్లు జారతాయి, నా వెనకాలే రండి" అన్నాడు. మేం మంకీ క్యాపులూ స్వెట్టర్లతో, అతను మామూలు చొక్కా, హవాయి చెప్పులతో!

శిఖరం ఒడిశా గజపతి జిల్లాలోది, ఎత్తు 1,501 మీటర్లు. పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన భీముడి గుడి చిన్నదే అయినా అక్కడినుంచి కదలబుద్ధి కాదు. కుంతి, ధర్మరాజు పేర్ల గుడులూ ఉన్నాయి. రాజేంద్ర చోళుడి శాసనం కూడా ఈ కొండ మీదే ఉంది. ఎండ పొడిచి మంచు కాస్త విడితే తూర్పున సముద్రం గీతలా కనిపించింది. కాసేపే, మళ్లీ మూసుకుపోయింది. ఒడిశా ప్రభుత్వం 2022లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. గుళ్ల చుట్టూ ప్లాస్టిక్ సంచులు చూస్తే ఆ కబురు ఇంకా కొండెక్కలేదనిపించింది.

దిగేటప్పుడు ముందే మాట్లాడుకున్న జీపులో ఒడిశాలోని పర్లాకిమిడి వైపు వచ్చేశాం. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు రెండు వైపులా జీపే పెట్టుకోవచ్చు, దాదాపు గుడుల దాకా వెళ్తుంది. మామూలు రోజుల్లో షేర్ జీపులు ఉండవు, బేరం కింద ఉన్నప్పుడే తేల్చుకోండి. పైన సిగ్నల్ అందదు, డ్రైవరు రాకపోతే టెన్షనే. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే, అక్కడ శ్రీకాకుళం బస్సులు దొరుకుతాయి.