పాత ఊళ్ళో మండీ హోటల్: మటన్ బాగుంది, పక్కన ఇరవై రెండు తరాల పేర్లు కూడా విన్నాను

ముందు తిండి సంగతి. విశాఖ పాతపోస్టాఫీసు దగ్గర సందులో ఉంది ఈ మండీ హోటల్, చివర్లో చిన్న ఫిర్యాదు ఉంది కాబట్టి పేరు రాయట్లేదు. నేల మీద పరుపులు, మధ్యలో పొట్టి బల్ల, దాని మీద గుండ్రటి పెద్ద పళ్ళెం. ఇద్దరికి సరిపడే మటన్ మండీ 780 రూపాయలు. ముక్క వేలితో తాకగానే ఎముక నుంచి ఊడొచ్చింది. మన బిర్యానీ కారం అలవాటైనవాళ్ళకి అన్నం మొదటి నాలుగు ముద్దలూ చప్పగా అనిపిస్తుంది, తర్వాత ఆ కొవ్వు రుచి నాలుకకి పడుతుంది, ఇక ఆపలేం.

నాతో వచ్చింది మా మేడ మీద గదిలో అద్దెకుండే సోమాలీ కుర్రాడు. ఏయూలో ఎంటెక్ చదువుతున్నాడు, సొంతూరు సోమాలీలాండ్‌లోని హర్గేసా. నన్ను అన్నా అంటాడు, మా ఆవిడని వదినా అనడం కూడా నేర్చుకున్నాడు. గోడ మీద 'అసలైన అరబ్బు మండీ' అని ఉంటే అది నేను చదివి చెప్పాను, వంటాయన అరబ్బేనా అని అడిగాడు. పిలిస్తే ఆయనే వచ్చాడు. "మాది అనకాపల్లి బాబూ, హైదరాబాద్ బార్కస్‌లో ఆరేళ్ళు చేసి నేర్చుకున్నాను" అన్నాడు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు స్థిరపడిన పేట బార్కస్. మండీ పుట్టింది ఆ హద్రమౌత్‌లోనే. అక్కడ నేలలో గొయ్యి తీసి, నిప్పుల మీద మాంసం పెట్టి, ఆ కొవ్వు కింద అన్నం మీదకి కారేలా వండుతారు. ఇక్కడ గొయ్యి లేదు, డేగిసాలోనే కానిస్తారు, అందుకే ఆ పొగ వాసన తక్కువ.

అప్పుడు కుర్రాడు అన్నాడు, మా వంశం కూడా అరేబియా నుంచే వచ్చిందంటారు అన్నా అని. తన పేరుతో మొదలుపెట్టి తండ్రి, తాత, ముత్తాత అంటూ వేళ్ళు మడుస్తూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోయాడు. ఇరవై రెండో పేరు షేక్ ఇషాక్. దీన్ని అబ్తిర్సి అంటారట, అంటే పూర్వీకుల లెక్క. ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ నేర్పించిందట. నేను తద్దినంలో మూడు తరాలు చెప్తాను, అంతకు మించి ఒక్క పేరు తెలీదు. గోత్రం అడిగితే ఋషి పేరు చెప్తాను కానీ ఆ ఋషికీ మా ముత్తాతకీ మధ్య ఎవరున్నారో ఏమో. సిగ్గుగా అనిపించింది.

షేక్ ఇషాక్ అరేబియా నుంచి సముద్రం దాటి సోమాలీ తీరంలో మైద్ అనే రేవులో స్థిరపడ్డాడని, ప్రవక్త అల్లుడు అలీ సంతతివాడని ఆయన పేరు పెట్టుకున్న ఇసాక్ వంశం వాళ్ళ నమ్మకం, సమాధి కూడా అక్కడే ఉంది. దారోద్ అనే ఇంకో సోమాలీ వంశం వాళ్ళు అదే పేరున్న తమ మూలపురుషుణ్ణి అలీ అన్న అకీల్ వంశంలో కలుపుతారు. మొత్తానికి అందరూ ప్రవక్త పుట్టిన ఖురైష్ తెగ దాకా వెళ్తారు. మరి 2005లో 201 మంది సోమాలీ మగవాళ్ళలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ చూస్తే నాలుగింట మూడొంతుల మందికి పైగా తూర్పు ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే శాఖే వచ్చింది. వాళ్ళ భాష కూడా ఒరోమో, అఫార్ భాషలకి దగ్గర చుట్టం.

వాదించాలని కాదు, వాళ్ళ కథలోనే నాకు ఒకటి తోచింది, అదే అడిగాను. దారోద్ పెళ్ళాడింది దిర్ అనే మరో సోమాలీ వంశం మూలపురుషుడి కూతురు దోబిరాని కదా, అంటే ఆయన వచ్చేటప్పటికే దిర్ వాళ్ళు అక్కడ ఉన్నట్టే కదా? ఇషాక్ షేక్ భార్యల్లో ఒకామె కూడా దిర్ వంశం పిల్లే, పైగా ఇసాక్‌లో కొన్ని పెద్ద శాఖల పేర్లలో హబర్ అన్న మాట ఉంటుంది, దానికి ముసలమ్మ, తల్లి అని అర్థం. ఓడ దిగిన ఒక్క మగవాడి పేరు పైన పెట్టుకుని ఆ నేల మీదే పుట్టిన తల్లుల్ని లెక్కలోంచి తీసేస్తే ఎలా? కుర్రాడు కాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయి, మా అమ్మమ్మ వైపు నాకు నాలుగు పేర్లే తెలుసు అన్నా అన్నాడు.

మనం మాత్రం తక్కువా? విశాఖపట్నం తామ్రశాసనాలని చరిత్రకారులు పిలిచేవాటిలో 1118 నాటి శాసనంలో తూర్పు గంగ రాజు అనంతవర్మ చోడగంగు తన వంశాన్ని బ్రహ్మ, అత్రి, చంద్రుడి దగ్గర నుంచి రాయించుకున్నాడు. ఏలేవాళ్ళకి గొప్ప పుట్టుక కావాలి, సముద్రానికి అటైనా ఇటైనా అంతే.

కానీ అబ్తిర్సిలో కింది భాగాన్ని, అంటే దగ్గరి తరాల పేర్లని, తేలిగ్గా తీసేయలేం. ఎవరైనా ఒక మనిషిని చంపితే మగ్, అంటే ప్రాణానికి పరిహారం, కట్టాలి, సంప్రదాయం ప్రకారం మగవాడికి 100 ఒంటెలు. ఒక్కడి వల్ల కాదు కాబట్టి కొన్ని తరాల వెనక ఒకే తాత ఉన్నవాళ్ళంతా కలిసి కడతారు. ఎవరు నీ వెనక నిలబడతారో ఆ పేర్లే చెప్తాయి. 1970ల్లో సోమాలియాని ఏలిన సియాద్ బర్రే ప్రభుత్వం వంశం పేరే ఎత్తకూడదని నిషేధించింది, ఐనా పోలేదు. 2000లో పక్క దేశం జిబూటీలోని ఆర్తాలో కూర్చుని సోమాలియా పార్లమెంటు సీట్లని నాలుగు పెద్ద వంశాలకి తలో వంతు, మిగతా అందరికీ కలిపి అర వంతు అని పంచుకున్నారు. నాలుగున్నర లెక్క అంటారు దాన్ని.

ఆ అర దగ్గరే నాకు కడుపు మండింది. తోలు పని, వేట చేసే గబోయె, కమ్మరి పని చేసే తుమాల్, యిబిర్ అనే వాళ్ళంతా ఆ అరలోనే, వీళ్ళకి పిల్లనివ్వరు, వీళ్ళ పిల్లని చేసుకోరు. అదే భాష, అదే మతం, చాలామంది మొహాలు కూడా ఒకటే. మా ఇంట్లోనూ ఒప్పుకోరన్నా అని కుర్రాడు తల వంచుకుని చెప్పాడు. ఆ మాట వినడానికి మనం హర్గేసా దాకా వెళ్ళక్కర్లేదు, మన మ్యారేజీ బ్యూరోల్లో ఏ రిజిస్టరు తెరిచినా అదే కదా.

తిన్నాక నడుచుకుంటూ దర్గా కొండ ఎక్కాం. హార్బర్ దగ్గర మూడు కొండలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా. అక్కడి బాబా పేరు ఇషాక్ మదీనా అని చెప్తే కుర్రాడు నిలబడిపోయి నన్ను మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి చూపించాడు.

ఇక ఫిర్యాదు. ఆదివారం రాత్రి నలభై నిమిషాలు నిలబెట్టారు, బిల్లులో అడగని సూప్ రెండు వేశారు, చెప్తే తీసేశారు కానీ సారీ చెప్పలేదు. ఎనిమిది లోపు వెళ్ళండి, బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టండి. సోమాలీలు అన్నంలో అరటిపండు నంజుకుంటారు, కుర్రాడు అడిగితే హోటల్ కుర్రాడే పక్క కొట్టుకి పరిగెత్తి చక్రకేళీలు తెచ్చి డబ్బులు వద్దన్నాడు. నేనూ తిన్నాను. ఆ కొవ్వు అన్నంలో బాగుంది, ఈసారి ఇంటి నుంచి అర డజను పట్టుకెళ్తాను.