లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం: పాత బస్సుల కోసమే వెళ్లేవాళ్లకి

లండన్ వెళ్లినవాళ్లెవరూ ఎర్ర డబుల్ డెక్కర్ ముందు ఫొటో దిగకుండా రారు. నాకు ఆ బస్సు ఆ రూపానికి ఎలా వచ్చిందో చూడాలని ఎప్పటినుంచో ఉంది. అందుకని ఈసారి ప్యాలెస్‌లూ వంతెనలూ పక్కనపెట్టి కోవెంట్ గార్డెన్‌లో ఉన్న ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియానికీ, వాళ్లు మిగతా సరుకంతా దాచుకునే యాక్టన్ డిపోకీ వెళ్లొచ్చాను.

కోవెంట్ గార్డెన్ మ్యూజియం ఒకప్పటి పూల మార్కెట్. ఇనుప స్తంభాలు, అద్దాల పైకప్పు, దానికింద బస్సులూ ట్రాములూ. 1980 నుంచి ఇక్కడే ఉంది. పెద్దవాళ్లకి టికెట్ ఒకసారి కొంటే ఏడాదిపాటు ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, పిల్లలకి ఉచితం. ఒక్కపూటలో అన్నీ చూసేయాలన్న టెన్షన్ లేదు కాబట్టి రెండు విడతలుగా చూడండి. ముందు లిఫ్టులో పై అంతస్తుకి వెళ్లి కిందికి దిగుతూ వస్తే కాలక్రమం కుదురుతుంది. పిల్లల సెలవుల్లో మాత్రం సందడి మామూలుగా ఉండదు.

పైన గుర్రపు బస్సులు. జార్జ్ షిల్లిబీర్ 1829 జూలై 4న పాడింగ్టన్ నుంచి బ్యాంక్ దాకా నడిపిన బస్సుకి నమూనా ఉంది (వందేళ్ల పండగకి 1929లో చేయించినది). మూడు గుర్రాలు, 22 మంది, మొత్తం దూరానికి ఒక షిల్లింగు. ఆ రోజుల్లో కూలి చేసుకునేవాడు ఎక్కగలిగే బండి కాదు. ఆ తర్వాతి వాటిలో పైకప్పు మీద జనం వీపుకి వీపు ఆనించి కూర్చునే బస్సు ఒకటి, ఇంకా తర్వాత ముందుకి తిరిగిన సీట్లూ సరైన మెట్లూ ఉన్నది ఒకటి. పై అంతస్తు అంచు వెంట అడ్డంగా ఒక పలక కొట్టి ఉంటుంది, అది ఆడవాళ్లు పైన కూర్చుంటే రోడ్డు మీదివాళ్లకి చీలమండలు కనబడకుండా. మర్యాద కోసం పెట్టిన ఆ పలక మీద వెంటనే సబ్బుల్లాంటివాటి ప్రకటనలు అతికించేశారు, వ్యాపారం అంటే వ్యాపారమే.

నేను ఎక్కువసేపు నిలబడింది 1911 నాటి బీ-టైప్ మోటార్ బస్సు దగ్గర. లోపల 16 మంది, పైన కప్పు లేకుండా 18 మంది. డ్రైవర్‌కి ముందు అద్దం కూడా లేదు, వానొచ్చినా మంచొచ్చినా ముఖమ్మీదే. టైర్లు గాలి లేని గట్టి రబ్బరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇలాంటివి 900 దాకా సైనికుల్ని మోయడానికి యుద్ధరంగానికి వెళ్లాయి, ఆ గతుకుల్లో ఆ టైర్ల మీద ఎలా నడిపారో మరి. పైన కప్పు వేస్తే బస్సు పల్టీ కొడుతుందని పోలీసులు చాలాకాలం ఒప్పుకోలేదట. 1925లో ఎన్ఎస్ రకం బస్సులకి కప్పు వేయనిచ్చారు, అంటే పై సీట్లో వాన పడకుండా కూర్చోవడానికి షిల్లిబీర్ నుంచి లెక్కేస్తే దాదాపు వందేళ్లు పట్టింది. డ్రైవర్‌కి ముందు అద్దం రావడానికి అప్పటికీ ఇంకా కొన్నేళ్లు ఆగాల్సొచ్చింది.

ఇవన్నీ చూశాక రూట్‌మాస్టర్ ఎక్కితే, అదే అందరూ ఫొటో దిగే ఆ పాత ఎర్ర డబుల్ డెక్కర్, దాని విలువ తెలుస్తుంది. 1956లో రోడ్డెక్కింది, మొత్తం 2,876 తయారయ్యాయి, మామూలు రూట్లలో చివరిసారి 2005 డిసెంబర్ 9న 159 నంబర్ మీద తిరిగింది. అల్యూమినియం బాడీ, పవర్ స్టీరింగ్, హీటర్. వెనక మెట్ల కింద కండక్టర్ నిలబడడానికని ఒక మూల వదిలారు, ఎక్కేదిగేవాళ్లకి అడ్డం రాకుండా. కింది అంతస్తు సీలింగ్ వెంట ఒక తాడు ఉంటుంది. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీయ్, మూడైతే బస్సు నిండింది, నాలుగైతే ప్రమాదం. మన కండక్టర్ 'రైట్ రైట్' అన్నట్టే, కాకపోతే అక్కడ డ్రైవర్ విడిగా తన క్యాబిన్‌లో ఉంటాడు కాబట్టి కేకలేస్తే వినపడదు, ఈ గంటే మాట.

బస్సులే ముఖ్యమనుకుంటే అసలు చూడాల్సింది యాక్టన్ డిపో. అయితే రోజూ తెరవరు, ఏడాదిలో కొన్ని రోజులే జనాన్ని రానిస్తారు, టికెట్ వేరు. విమానం టికెట్ కొనకముందే ఆ తేదీలు చూసుకోండి. మూడు లక్షలకి పైగా వస్తువులున్న గోడౌన్ అది. బస్సులు వరసగా దగ్గరదగ్గరగా నిలబెట్టి ఉంటాయి, అలంకరణ తక్కువ. మొట్టమొదటి రూట్‌మాస్టర్ ఆర్ఎం 1 కూడా వీళ్ల దగ్గరే ఉంది. బస్సుల పిచ్చి లేనివాళ్లని మాత్రం అక్కడికి లాక్కెళ్లకండి, గంటకే విసిగిపోతారు. వాళ్లకి కోవెంట్ గార్డెన్ చాలు.

రాకపోకలకి ఇబ్బంది లేదు, మ్యూజియం దగ్గరి కోవెంట్ గార్డెన్, డిపో దగ్గరి యాక్టన్ టౌన్ స్టేషన్లు రెండూ లండన్ మెట్రోలో పికడిల్లీ లైన్ మీదే. కోవెంట్ గార్డెన్ స్టేషన్లో లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కుదామనుకుంటే 193 మెట్లు, ముందే చెబుతున్నా. లెస్టర్ స్క్వేర్‌లో దిగి నడిస్తే నాలుగు అడుగులు.

బసకి సెంటర్లో ధరలు చూసి భయపడి అదే లైన్ మీద పశ్చిమం వైపు ఒక చిన్న హోటల్లో దిగాను. గది శుభ్రంగానే ఉంది, కానీ పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు. లిఫ్టు లేదన్న సంగతి బుకింగ్‌లో ఎక్కడో అడుగున రాసి, మూడో అంతస్తు ఇచ్చారు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు లిఫ్టు ఉందా, గది ఏ అంతస్తులో అని మెయిల్ పెట్టి అడిగాకే డబ్బు కట్టండి. యాక్టన్ డిపో పక్కనే ఉండాలని మాత్రం పట్టుపట్టొద్దు, అక్కడికి వెళ్లేది ఒక్కపూటే.