పాయింట్లు, కండెన్సర్‌తోనే తిరుగుతున్నాం: మార్క్ 2 అంబాసిడర్ ఇగ్నిషన్‌పై నా సమీక్ష

పాత అంబాసిడర్‌ను బాగు చేయించుకున్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. ఇంజిన్‌లో పెట్రోలును అంటించే ఇగ్నిషన్‌లో పాయింట్లు (కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) తీసేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టించాలా, ఉన్నదాన్నే ఉంచుకోవాలా? మా 1972 మార్క్ 2లో పాతదాన్నే ఉంచాను. ఇంజిన్ విప్పి బోరు చేయించి, బాడీకి కొత్త రంగు వేయించి రోడ్డెక్కించాక ఏళ్లు గడిచాయి. విజయవాడ ఎండలు, వానలు అన్నీ చూసింది. గుంటూరు, ఏలూరు ఎన్నోసార్లు వెళ్లొచ్చింది. మంచి సామాను దొరికి, మొదటిసారి సరిగ్గా బిగిస్తే ఈ ఇగ్నిషన్ మీద పూర్తి భరోసా పెట్టుకోవచ్చని నా అభిప్రాయం. చాలా బండ్లు ఆ 'మొదటిసారి' దగ్గరే ఆగిపోతున్నాయి కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇందులో ఉన్నది బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం నుంచి వచ్చిన 1489 సీసీ బీ సిరీస్ పెట్రోలు ఇంజిన్. ఇగ్నిషన్ సరంజామా చాలా తక్కువ: ఒక కాయిలు, ఆటోనగర్‌లో అందరూ డెల్కో అని పిలిచే, నిప్పును వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు, వాటి దగ్గర మెరుపును అణిచే కండెన్సర్ ఉండేది ఇందులోనే), నాలుగు ప్లగ్గులు, వాటి వైర్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిలులో కరెంటు పారుతుంది. విడిపోయిన క్షణంలో ఆ కరెంటు తెగి, కాయిలు రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడుతుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే ఇదంతా నిమిషానికి 6000 సార్లు జరగాలి.

ఇంజిన్ బిగించాక ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టి తిప్పాం. ప్లగ్గులు పెట్టి మళ్లీ కొడితే ఇంజిన్ చక్కగా తిరుగుతోంది, అంటుకోవడం మాత్రం లేదు. పెట్రోలు వాసన బాగానే వస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది చేతులు కార్బొరేటర్ మీదికి వెళ్తాయి. మాకు సాయం వచ్చిన పెద్ద మెకానిక్ మాత్రం, "దాని జోలికెళ్లొద్దు బాబూ, ముందు ఒక బల్బు, రెండు వైర్లు పట్రా" అన్నాడు. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో ఆ 12 వోల్టుల బల్బు ఉండాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. మల్టీమీటర్ ఉన్నా సరే, బల్బు చెప్పినంత తేటగా అది చెప్పదు.

బల్బు ఒక వైరు ఇంజిన్‌కు ఎర్త్ చేసి, రెండోది కాయిలు మీద తాళంచెవి వైపు నుంచి కరెంటు వచ్చే టెర్మినల్‌కు ఆనించాం. తాళంచెవి తిప్పితే వెలిగింది. అంటే కాయిలు దాకా కరెంటు వస్తోంది. తర్వాత డెల్కో వైపు టెర్మినల్‌కు ఆనించి ఇంజిన్‌ను హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పాలి. పాయింట్లు విడినప్పుడు వెలగాలి, కలిసినప్పుడు ఆరిపోవాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లకు ఎర్త్ అందడం లేదని అర్థం. అసలు వెలగకపోతే, కాయిలు బాగున్నట్టయితే, డెల్కో లోపల ఎక్కడో షార్ట్ ఉంది. మాకు అసలు వెలగలేదు.

క్యాప్ తీసి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. పాయింట్ల స్ప్రింగు కొస తగిలించే చిన్న స్తంభం మీద మెడ ఉన్న ప్లాస్టిక్ బుష్ ఒకటి ఉంటుంది. కండెన్సర్ వైరు రింగు, కాయిలు వైరు రింగు రెండూ ఆ బుష్ మెడ మీద కూర్చుని, స్ప్రింగును తాకాలి, స్తంభాన్ని మాత్రం తాకకూడదు. బిగించినవాళ్లు ఒక రింగును బుష్ పైన పెట్టి నట్టు వేసేశారు. స్తంభం, నట్టు రెండూ ఎర్తే కాబట్టి, పాయింట్లు విడిపోయినా కరెంటు తెగడం లేదు. సెనగగింజంత నట్టు విప్పి, రింగును బుష్ కిందికి మార్చి మళ్లీ బిగిస్తే పని అయిపోయింది. పాతకాలం రెండు ముక్కల పాయింట్లు వాడేవాళ్లు ముందు ఇక్కడే చూడండి.

ఈసారి బల్బు వెలిగింది గానీ ఆరడం లేదు. కొత్త పాయింట్ల మొహాల మీద తుప్పు పట్టకుండా రాసిన పలచటి నూనె పొర ఉంటుంది. గట్టి కాగితం ముక్కను పెట్రోలులో ముంచి పాయింట్ల మధ్య లాగితే అది పోయింది. అయినా బల్బు పూర్తిగా ఆరలేదు, మసకగా వెలుగుతోంది. బాగు చేయించిన బండ్లకే ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఇది: రంగు. ఇంజిన్ బ్లాకుకు, డెల్కో కూర్చునే చోటికి, ఎర్త్ పట్టీ బిగించే బోల్టు కిందా అందంగా, దట్టంగా రంగు కొట్టారు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి, ఇంజిన్‌కు మధ్య ఆ పట్టీయే దారి. అది సరిగ్గా తగలకపోతే కరెంటు చోక్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ కేబుళ్లు వేడెక్కుతుంటే ఇంకేం అనుమానం పెట్టుకోవద్దు. తగిలే చోట్ల ఎమ్రీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది బిగించాం. బల్బు వెలగడం, ఆరడం రెండూ సరిగ్గా కుదిరాయి.

కాయిలు మధ్య వైరును బ్లాకుకు కాస్త ఎడంగా పట్టుకుంటే ఇప్పుడు నీలంగా, చిటపటమంటూ నిప్పురవ్వ దూకింది. తీరా సెల్ఫ్ కొడితే కార్బొరేటర్ లోంచి ఫట్ ఫట్ మని ఎదురు తన్నింది. నిప్పు ఉంది, పెట్రోలు ఉంది, వేళ తప్పింది. సిలిండర్లు నిప్పందుకునే వరుస (ఫైరింగ్ ఆర్డర్) 1-3-4-2, క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు నిప్పు అందించే రోటర్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఆ వరుస సరిగ్గానే ఉంది. తేడా ఎక్కడుందంటే, క్రాంక్ పుల్లీ మీది గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది. అందులో ఒక్కసారే ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉంటుంది. వాల్వుల మీది రాకర్ మూత తీసి చూస్తే తెలిసిపోతుంది: నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్న చోట, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటున్న చోట, రేడియేటర్ వైపున్న ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైన ఉన్నట్టు. మా రోటర్ అప్పుడు నాలుగో వైరు వైపు చూస్తోంది. డెల్కోను తిప్పే డ్రైవ్ గేరు 180 డిగ్రీలు తిప్పి పెట్టేశారన్నమాట. గేరు పీకే పని లేకుండా క్యాప్‌లో వైర్లన్నీ రెండు గదులు జరిపి పెట్టాం. అదే బల్బుతో నిప్పు పడే వేళ (టైమింగ్) కూడా కుదిర్చాం. మాన్యువల్‌లో చెప్పిన డిగ్రీ దగ్గర గుర్తు ఆపి, బల్బు వెలగడం మొదలయ్యే చోటుకు డెల్కో తిప్పి బిగించాం. సెల్ఫ్ తగలగానే ఇంజిన్ అందుకుంది. "అదీ, ఇప్పుడు పలికింది" అన్నాడు ఆ పెద్దాయన. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక ఏళ్ల వాడకం సంగతి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూడటం పది నిమిషాల పని. తిరిగే క్యామ్ (షాఫ్ట్ మీది ఎత్తుపల్లాల ముక్క) నెట్టే పాయింట్ల మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ వెనక్కి పోతుంది. బండి లాగడం మందగించిందనిపిస్తే ముందు ఇక్కడే చూస్తాను. క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాస్తే మడమ చాలాకాలం వస్తుంది. ఎక్కువైతే మాత్రం ఎగిరి పాయింట్ల మీద పడుతుంది.

మొత్తం వ్యవస్థలో నాకు నమ్మకం లేని భాగం కండెన్సర్ ఒక్కటే. అదీ కొత్తగా కొన్నదే. మేలో మధ్యాహ్నం పూట హైవే మీద ఇంజిన్ బాగా వేడెక్కాక మిస్సింగ్ మొదలై బండి ఆగిపోయింది. చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. పాయింట్లు విడిపోయేచోట పెద్ద పెద్ద మెరుపులు కనబడుతుంటే, వాటి మొహాలు నల్లగా కాలిపోతుంటే, కండెన్సర్ పోయినట్టే. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక సామాను దొరుకుతూనే ఉంది గానీ నాణ్యత ఒక్కో డబ్బాలో ఒక్కోలా ఉంటోంది. పాత స్టాకు కండెన్సర్ దొరికితే ధర చూడకుండా తీసుకోండి. రోటర్ కొనేటప్పుడు ఇత్తడి రేకును పట్టి ఉంచే రివెట్టును చూడండి. అది లోపలికి మరీ లోతుగా దిగి ఉంటే హైటెన్షన్ కరెంటు ప్లాస్టిక్‌ను చీల్చుకుని షాఫ్ట్‌లోకి దూకుతుంది.

కాయిలు విషయంలో ఇంకో జాగ్రత్త. బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిలుకు వెళ్లే కరెంటును తగ్గించే నిరోధకం) లేని మా బండికి 3 ఓమ్‌ల కాయిలు కావాలి. అంటే సుమారు 4 ఆంపియర్ల కరెంటు. ఒక దుకాణంలో "అన్నిటికీ ఇదే సార్" అంటూ ఇచ్చిన కాయిలును కౌంటర్ దగ్గరే మీటరు పెట్టి చూస్తే 1.5 ఓమ్‌లు చూపించింది. దాన్ని బిగిస్తే కరెంటు రెట్టింపయి పాయింట్లు మాడిపోతాయి. అక్కడే తిరిగి ఇచ్చేశాను. ఇంజిన్ ఆపి తాళంచెవి ఆన్‌లో వదిలేసే అలవాటు కూడా మానుకోవాలి. పాయింట్లు కలిసిన చోట ఇంజిన్ ఆగి ఉంటే కాయిలు ఊరికే కాగుతూ ఉంటుంది.

ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టిన స్నేహితుడి అంబాసిడర్ చాలాసార్లు నడిపాను. ఐడిలింగ్ నున్నగా ఉంటుంది, గ్యాప్ సర్దే పని లేదు, పొద్దున్నే ఒక్క చిటికెకే అందుకుంటుంది. అది పోతే మాత్రం రోడ్డు పక్కన చేయగలిగింది ఏమీ ఉండదు. ప్లస్, మైనస్ తారుమారు చేసి తగిలిస్తే చాలు, కాలిపోతుంది. రాగి తీగ ప్లగ్గు వైర్లు దానికి పనికిరావు, రెసిస్టెన్స్ ఉన్నవే వేయాలి. రోజూ ఆఫీసుకు ట్రాఫిక్‌లో తిరిగే బండి అయితే నేనూ దాన్నే పెట్టించేవాణ్ని. ఆదివారాలు, పండగలు, పెళ్లిళ్లకు తీసే మా బండికి పాయింట్లే బాగున్నాయి. మాడ్యూల్ పెట్టించుకునేవాళ్లు మాత్రం తీసేసిన పాయింట్ల ప్లేటును కండెన్సర్‌తో సహా డిక్కీలో ఉంచుకోండి. స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ ఉంటే రోడ్డు మీదే మళ్లీ బిగించుకోవచ్చు.